ఈ వారం సమస్య: "తండ్రి పగవాని గాచుటే ధర్మమయ్యె"

నిర్వాహకుడు: తేటగీతి ఆఖరి పాదం ఇచ్చాను, బైబిలు కథతోనే పూరించాలి. ప్రహ్లాదుడు వద్దండి, అందరికీ ముందు అతనే గుర్తొస్తాడు. యతి తం–ధ కుదిరింది, మిగతా మూడు పాదాలు మీవి.

బాపట్ల మాస్టారు:
సౌలు విసరిన యీటెకు జంకకుండ
బాలునకు జెప్పు నెపమున బాణమేసి
ప్రాణమిత్రుని దావీదు బంపివేసె
తండ్రి పగవాని గాచుటే ధర్మమయ్యె

నిర్వాహకుడు: మాస్టారూ, రెండో పాదం చాలా బాగుందండి. దావీదుని చంపాలని చూస్తున్న సౌలు రాజు కొడుకు యోనాతాను, బాణాలు ఏరుకునే కుర్రాడితో "ఇంకా అవతల పడింది, త్వరగా వెళ్ళు" అని అరిచాడు, అది పొలంలో దాక్కున్న దావీదుకి పారిపొమ్మని కబురు, ఆ కుర్రాడికి మాత్రం ఏమీ తెలీదు, ఇదంతా ఒక్క "నెపమున"లో పట్టేశారు. కానీ పద్యంలో కర్త లేడు. "బంపివేసె" అంటే ఎవరు పంపారు? బైబిలు చదవనివాళ్ళకి సౌలే పంపినట్టు అనిపిస్తుంది. మూడో పాదం ఇలా చూడండి:
పంపె సఖుని యోనాతాను బాధ తోడ
పం–బా యతి సరిపోతుంది, "సఖుని యో" నగం, "నాతాను" తగణం.

బాపట్ల మాస్టారు: పేరు అలా విరుగుతుందని తట్టలేదండి, ఇదే ఉంచుతున్నా. నన్ను కదిలించింది ఇంకోటి ఉంది, యెష్షయి కొడుకు (దావీదే) బతికున్నంతకాలం నీకు రాజ్యం దక్కదని సౌలు భోజనాల దగ్గర మొహం మీదే చెప్పాడు కదా, అంటే దావీదు చస్తే సింహాసనం యోనాతానుదే, అది తెలిసీ మర్నాడు పొద్దున్నే విల్లు పట్టుకుని పొలానికి వెళ్ళాడు.

నెల్లూరు అక్క: నాది దావీదు భార్య మీకాలు మీద.
పడకపై బొమ్మ నుంచి దుప్పటము గప్పి
కిటికి యందుండి భర్తను గ్రిందకు దించె
సౌలు కూతురు మీకాలు సాధ్వి గాన
తండ్రి పగవాని గాచుటే ధర్మమయ్యె

నిర్వాహకుడు: రెండో పాదం చివర గణం తప్పిందమ్మా. "గ్రింద" హగణం, ఓకే, తర్వాత "కు దించె" జగణం అయిపోయింది, అక్కడ సూర్యగణమే రావాలి. "కిటికి యందుండి నాథుని గ్రిందికంపె" అంటే సరిపోతుంది. ఇక "సాధ్వి" మీద నాకు కొంచెం అనుమానం, తర్వాత తండ్రి నిలదీస్తే "నన్ను చంపుతానని బెదిరించాడు" అని భర్త మీదకే నెట్టేసింది కదా.

నెల్లూరు అక్క: సవరణ బాగుందండీ, కానీ సాధ్వి మార్చను. ఈటె విసిరే తండ్రి ముందు నిలబడిన ఆడపిల్ల ఇంకేం చెప్పాలి చెప్పండి? అసలు సౌలు ఆమెని దావీదుకి ఇచ్చిందే ఉరిలా పనికొస్తుందని, ఆ పిల్లే కిటికీలోంచి దించేసింది, దేవుడు నడిపించడమంటే నాకిదే. కాపాడేవాళ్ళని సౌలు ఇంట్లోనే పెట్టాడు, కొడుకునీ కూతుర్నీ కూడా.

ఖమ్మం తమ్ముడు: అక్కా ఆ మాటకే నా పూరణ, కథ వేరు.
నీట దేలెడి పసివాని నెత్తె గరుణ
కన్నతల్లికే జీతము గట్టి యిచ్చె
దైవ సంకల్ప మెఱుగని తనయ కపుడు
తండ్రి పగవాని గాచుటే ధర్మమయ్యె

నిర్వాహకుడు: ఐగుప్తు రాజు ఫరో కూతురు! హెబ్రీ మగపిల్లల్ని నదిలో పడేయమన్నది తండ్రి, అదే నదిలోంచి తీసింది కూతురు, పైగా పాలిచ్చినందుకు ఆ పసివాడి, అంటే మోషే, తల్లికి రాజకుమార్తె జీతం. రెండో పాదం ఈ వారానికి తలమానికం తమ్ముడూ. ఫరో పేరు లేకపోయినా ఆ జీతంతోనే కథ పట్టుబడుతుంది. ఒక్కటే లోటు, ఆమెకి ఇంకా ఏ సంకటమూ లేదు, ఏడుస్తున్న పిల్లాడు కనిపించాడు, జాలిపడింది అంతే. నలిగిపోయినవాడు యోనాతానే, అందుకే నా పూరణ కూడా అతని మీదే:
గిరిని గిల్బోవ శత్రుల కెదురు నిలిచి
కొలువు విడువక తండ్రితో గూలె నతడు
అట్టి పుత్రున కేరీతి నకట మునుపు
తండ్రి పగవాని గాచుటే ధర్మమయ్యె?

నెల్లూరు అక్క: చివర ప్రశ్న పెట్టేసరికి సమస్య అర్థమే తిరిగిపోయిందండీ. అయితే "ఏరీతి" అన్నదానికి నా జవాబు, అతను ఎవర్నీ వదల్లేదు కాబట్టి. దావీదుతో పారిపోయి ఉంటే బతికేవాడు, పారిపోలేదు. దావీదుని పట్టించి ఉంటే రాజయ్యేవాడు, పట్టించలేదు.

బాపట్ల మాస్టారు: దావీదు కూడా యోనాతానుకిచ్చిన మాట తప్పలేదమ్మా, రాజయ్యాక యోనాతాను కొడుకు మెఫీబోషెతుని, రెండు కాళ్ళూ కుంటివాణ్ణి, వెతికించి పిలిపించి తాత సౌలు భూములు తిరిగిచ్చేసి రోజూ తన బల్ల దగ్గరే భోజనం పెట్టాడు. దాని మీద కూడా ఒక తేటగీతి రాయాలని ఉంది, "మెఫీబోషెతు" ఏ గణాల్లో ఇరుకుతుందో ఎవరైనా చెప్పండి.