గుణదల మొక్కు ఆత్మను ముందుకు నడిపిస్తుందా, అక్కడే ఆపేస్తుందా?

పటమట పాఠకుడు:
ఫిబ్రవరి 11న లూర్దుమాత (మరియమాత) పండుగతో విజయవాడలో గుణదల తిరునాళ్లు ముగిశాక మా ప్రార్థన కూటమిలో పెద్ద వాదన జరిగింది. తలనీలాలు, కొబ్బరికాయలు, కొవ్వొత్తులు అన్నీ దేవుడితో బేరమేనని, వాటితో ఆత్మ ఒక్క అడుగు కూడా ముందుకు పడదని ఒక పెద్దాయన తేల్చేశారు. ఆత్మ దేవుణ్ణి చేరడానికి పాపాల నుంచి శుద్ధి, దేవుణ్ణి తెలుసుకునే వెలుగు, ఆయనతో ఐక్యం అని మూడు మార్గాలున్నాయంటారు కదా. మొక్కు వీటిలో ఎక్కడుంది?

బ్రాడీపేట:
ఎక్కడా లేదు. పెద్దాయన మాటే నిజం. పదహారో శతాబ్దపు స్పెయిన్ సన్యాసి పునీత సిలువ యోహాను గారు తన ‘కార్మెలు పర్వతారోహణం’ పుస్తకం మూడో భాగంలో ఈ జబ్బు గురించే రాశారు. కొవ్వొత్తులు ఇన్నే ఉండాలి, పూజ ఫలానా వేళకే జరగాలి అని పట్టుబట్టేవాళ్లు దేవుడి కంటే ఆ తంతునే ఎక్కువ నమ్ముతున్నారంటారు. జనం గుంపులుగా వెళ్లే యాత్రకు అసలు వెళ్లొద్దనే చెబుతారు. వెళ్లినప్పటికంటే చెదిరిన మనసుతో తిరిగొస్తారట. తిరునాళ్ల రద్దీ చూసినవాళ్లెవరైనా కాదనగలరా?

ఫిరంగిపురం ఆడపడుచు:
బ్రాడీపేట గారూ, అదే భాగంలో ఇంకాస్త ముందుకు వెళ్లండి. తనను కొలవడానికి దేవుడే ఎంచుకున్న చోట్లు కొన్ని ఉంటాయని, మోషేకు దేవుడు ధర్మశాస్త్రం ఇచ్చిన సీనాయి కొండను చూపించి మరీ చెప్పారాయన. ఆయన కోప్పడింది తంతు మీద పెట్టుకున్న నమ్మకం మీద.

ఆయన కాలంలోనే స్పెయిన్‌లో ఉన్న సన్యాసిని అవిలా తెరేసమ్మ 1577లో ‘అంతరంగ కోట’ రాశారు. అందులో ఆత్మ ఏడు నివాసాలున్న కోట. మొదటి నివాసంలో ఉండేదెవరనుకున్నారు? లోకం పనుల్లో మునిగిపోయి, నెలలో ఏ కొద్దిసార్లో ప్రార్థన చేసుకునేవాళ్లు. వాళ్ల వెంట లోకం మీది ఆశలనే పాములూ పురుగులూ కూడా లోపలికి వచ్చేస్తాయి. అయినా వాళ్లు కోటలోకి వచ్చినట్టేనంటుంది ఆమె. బయట ఉండిపోయినవాళ్ల కంటే వాళ్లు ఎంతో మెరుగు.

మొన్న తిరునాళ్లలో ఒకామెను చూశాను. బిడ్డకు అప్పుడే గుండు చేయించింది. తల మీద గంధం ఇంకా ఆరలేదు. ఆ బిడ్డను చంకనేసుకుని పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) లైన్లో నిలబడింది. ముందున్నవాళ్లు జరగమన్నా జరగలేదు, తన వంతు వచ్చేదాకా అలాగే నిలబడింది. బిడ్డ కోసం వచ్చిన మనిషి తన ఆత్మను కూడా తెచ్చుకుంది. శుద్ధి మార్గం మొదలయ్యేది అక్కడే కదండీ. సద్గుణమంటే వరుస తప్పని ప్రేమ అన్నారు పునీత అగస్టీన్. బిడ్డ మీద ప్రేమ తప్పు కాదు, దేవుడి తర్వాత నిలబడితే చాలు.

బ్రాడీపేట:
ఆమె విషయంలో ఒప్పుకుంటానమ్మా. కానీ గుండు చేయించుకుని, కొబ్బరికాయ కొట్టి, నేరుగా బస్సెక్కేవాళ్ల మాటేమిటి? ఎవరితో మాట్లాడుతున్నామో, ఏం అడుగుతున్నామో తలచుకోకుండా పెదవులు ఎంత కదిలినా అది ప్రార్థన కాదని అన్నది కూడా మీ తెరేసమ్మే.

ఫిరంగిపురం ఆడపడుచు:
నిజమే, అందుకే మొక్కును మాన్పించొద్దు, దానికి తర్వాతి మెట్టు చూపించాలంటున్నాను. యేసుసభను స్థాపించిన ఇగ్నేషియస్ గారి ‘ఆధ్యాత్మిక సాధనలు’ అనే ధ్యాన పద్ధతులకు పోపుగారి ఆమోదం దొరికింది 1548లో. జీవితాన్ని క్రమంలో పెట్టుకోవడమే వాటి ఉద్దేశమని మొదట్లోనే ఉంటుంది. వాటిలోని ఆత్మపరిశీలన చదువు రానివాళ్లకూ నేర్పొచ్చు: ఈ రోజు దేవుడు ఏమిచ్చాడు, నేనెక్కడ తప్పాను, రేపు ఏం దిద్దుకోవాలి. రాత్రి జపమాల అయ్యాక పది నిమిషాలు చాలు. తిరునాళ్ల నుంచి వచ్చిన కుటుంబాలతో మా ఊళ్లో ఈస్టరుకు ముందు వచ్చే ఈ తపస్సు కాలంలో మొదలుపెడుతున్నాం. పటమట గారూ, మీ కూటమిలో కూడా పెట్టి చూడండి, ఆ పెద్దాయననే నడిపించమనండి.