సారియా నుంచి సాంటియాగో: 2027 సెప్టెంబర్ పాదయాత్రకు ఎవరెవరు ఏ పని తీసుకుంటారు?

తిరుపతి, నడక ఏర్పాట్లు:
అందరికీ వందనాలు, నమస్కారాలు. డబ్లిన్‌లో మనవాళ్ళ తెలుగు క్రైస్తవ సంఘం పెట్టుకున్న వారం రోజుల పాదయాత్రకు తిరుపతి, చిత్తూరు నుంచి వచ్చేవాళ్ళ పేర్లు దాదాపు ఖాయమయ్యాయి. ఇక పనులు పంచుకుందాం.

కొత్తగా చేరినవాళ్ళ కోసం రెండు మాటలు. స్పెయిన్ వాయవ్య మూలన గలీసియా అనే ప్రాంతం ఉంది. అక్కడి సాంటియాగో నగరపు పెద్ద చర్చి అయిన కతీడ్రల్‌లో యేసు శిష్యుడు, జెబెదయి కుమారుడైన యాకోబు సమాధి ఉందన్న నమ్మకంతో వెయ్యేళ్ళకు పైగా జనం నడుస్తున్నారు. దారులు చాలా ఉన్నాయి. మనం సారియా ఊరి నుంచి నడుస్తాం, సుమారు 115 కిలోమీటర్లు. యాత్ర పూర్తి చేసినట్టు కంపోస్తెలా పత్రం ఇవ్వాలంటే కనీసం 100 కిలోమీటర్లు కాలినడకన వచ్చి ఉండాలి, యాత్రికుల పుస్తకంలో రోజుకు రెండు ముద్రలు పడాలి. చర్చిలో, బసలో, టీ తాగిన చోట కూడా ముద్ర వేస్తారు.

ఈ దూరాన్ని చాలామంది ఐదు రోజుల్లో నడిచేస్తారు. పాలస్ దె రెయ్ నుంచి అర్సువా దాకా ఒక్కరోజే దాదాపు 29 కిలోమీటర్లు, దారంతా ఎక్కుడూ దిగుడూ. మనలో అరవై దాటినవాళ్ళు ఎక్కువ. అందుకే ఆ రోజును రెండుగా విరిచి మెలీదెలో ఆగుదామంటున్నాను. సెప్టెంబర్ 20 సోమవారం సారియాలో మొదలై పోర్తోమరీన్ చేరడానికి 22 కిలోమీటర్లు. మర్నాడు పాలస్ దె రెయ్ 25, ఆ తర్వాత మెలీదె 15, అర్సువా 14, ఓ పెద్రౌసో 19. శనివారం మిగతా 20 నడిస్తే సాంటియాగో. ఆదివారం అక్కడే ఉంటాం.

దీని మీద నేను గట్టిగా పట్టుబడతాను. గుంపులో అందరికన్నా మెల్లగా నడిచే మనిషి ఎంత నడవగలిగితే ఆ రోజు మనందరం అంతే నడవాలి. ముందే చేరిపోయి ఫోటోలు పెట్టే నడక నాకు వద్దు.

డబ్లిన్, బస బుకింగ్:
అన్నా, మెలీదె సంగతి ఒప్పుకుంటున్నాం. కానీ సెప్టెంబర్ ఎందుకు? యాకోబు పండుగ జూలై 25న కదా. పైగా 2027లో అది ఆదివారం వచ్చింది, పుణ్య సంవత్సరం. పిల్లలకు సెలవులు కూడా.

తిరుపతి, నడక ఏర్పాట్లు:
తమ్ముడూ, పండుగ ఆదివారం పడితేనే పుణ్య సంవత్సరం కాబట్టి ఆ జూలైలో జనం పోటెత్తుతారు. పెద్దవాళ్ళను ఆ రద్దీలోకి తీసుకెళ్ళలేను. పుణ్య సంవత్సరంలో మాత్రమే తెరిచే కతీడ్రల్ పవిత్ర ద్వారం ఏడాది చివరి దాకా తెరిచే ఉంటుంది, సెప్టెంబర్‌లో వచ్చినా దాని గుండా వెళ్ళొచ్చు. ప్రభుత్వ బసల్లో ముందుగా మంచాలు బుక్ చేయరు, ఎవరు ముందు వస్తే వాళ్ళకే. మనం గుంపు కాబట్టి ప్రైవేటు బసలే చూడు. మోకాళ్ళ నొప్పులవాళ్ళకు కింది మంచాలు అడుగు. రాత్రి పదికి లైట్లు ఆర్పేస్తారని కూడా ఇప్పుడే చెప్పి ఉంచు.

చిత్తూరు, రిటైరైన టీచర్:
నేను హిందువుని. అలిపిరి మెట్లు చిన్నప్పటి నుంచీ ఎక్కుతున్నాను. మా అమ్మాయి డబ్లిన్ సంఘంలో ఉంది, రమ్మంటోంది. నేను రావచ్చా? మీ ప్రార్థనలకు నా వల్ల ఇబ్బంది కలగకూడదు.

తిరుపతి, నడక ఏర్పాట్లు:
సార్, మీరు తప్పకుండా రావాలి. ఆ దారిలో అన్ని మతాలవాళ్ళూ, ఏ మతమూ లేనివాళ్ళూ నడుస్తారు. చివర్లో యాత్రికుల ఆఫీసులో ఎందుకు నడిచారో అడుగుతారు. భక్తితోనో ఆత్మశాంతి కోసమో అన్నవాళ్ళకు కంపోస్తెలా ఇస్తారు, మిగతావాళ్ళకు వేరే పత్రం ఉంది. మీకు ఏది నిజమో అదే చెప్పండి. ఉదయం ప్రార్థనలో మీరు ఊరికే మాతో నిలబడినా సంతోషమే. మొక్కు కోసం నడవడం మీకు తెలిసినంతగా మాలో చాలామందికి తెలియదు.

ఒక మాట మాత్రం మనవాళ్ళకు చెబుతున్నాను. ప్రాక్టీసు కోసం గుంపుగా అలిపిరి వెళ్దామని కొందరన్నారు. నాకు సమ్మతం కాదు, అది వెంకన్న భక్తుల దారి. పైగా మెట్లు ఒక్కపూట ఎక్కడం వేరు, రోజుకు ఇరవై కిలోమీటర్ల చొప్పున వరసగా నడవడం వేరు. తిరుపతివాళ్ళు తెల్లవారకముందే బయలుదేరి చంద్రగిరి కోట దాకా, చిత్తూరువాళ్ళు కాణిపాకం రోడ్డులో నడవండి. శుక్రవారం, శనివారం వరసగా నడిస్తేనే రెండో రోజు కాళ్ళు ఏమంటాయో తెలుస్తుంది. ఏ బూట్లతో వెళ్తారో వాటితోనే నడవండి.

తిరుపతి, మందులు (నర్సుగా పనిచేస్తున్నాను):
షుగర్ ఉన్నవాళ్ళ గురించి వివరంగా రాస్తాను, దయచేసి పూర్తిగా చదవండి. చాలా ఏళ్ళుగా షుగర్ ఉంటే పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. బొబ్బ లేచినా నొప్పి తెలియదు, నడుస్తూనే ఉంటారు, అది పుండవుతుంది. కాబట్టి ప్రతి మజిలీలో బూట్లు విప్పి, సాక్సులు మార్చి, వేళ్ళ మధ్య కూడా చూడాలి. ఎవరి పాదాలు వాళ్ళకు కనిపించకపోతే పక్కవాళ్ళు చూడాలి, ఇందులో సిగ్గేమీ లేదు. ఎక్కువ నడిస్తే షుగర్ పడిపోతుంది, ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకు. డోసు సంగతి మీ డాక్టర్‌తో ముందే మాట్లాడండి. జేబులో గ్లూకోజ్ ఉంచుకోండి. ఇన్సులిన్ చెకిన్ లగేజీలో పెట్టొద్దు, చేతిసంచిలోనే, డాక్టర్ చీటీతో సహా. అక్కడ అత్యవసర నంబరు 112.

బరువు సంచులు బండిలో పంపే ఏర్పాటు ఉంది. సంచి బండిలో పంపినా కంపోస్తెలాకు అడ్డు లేదు. నడుం నొప్పి ఉన్నవాళ్ళు మొహమాటపడకుండా పేరు రాయండి.

చిత్తూరు, వంట:
అక్కా, కందిపొడి, చింతకాయ పచ్చడి, రాగిపిండి ఇక్కడి నుంచే తెస్తాను. నెయ్యి, పాలకోవా తేవద్దు, బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం యూరప్‌లోకి రానివ్వరు. శాకాహారులకు ఒక హెచ్చరిక. గలీసియాలో కాల్దో గల్యేగో అనే ఆకుకూర, బంగాళాదుంపల సూప్ ఊరూరా దొరుకుతుంది. చూడ్డానికి శాకాహారమే, కానీ మామూలుగా పంది కొవ్వు వేస్తారు. అడగకుండా తాగొద్దు. మెలీదె ఆక్టోపస్ వంటకానికి పేరున్న ఊరు, తినేవాళ్ళకు ఆ రోజు పండగే.

చిత్తూరు, సీఎస్ఐ (ప్రొటెస్టెంట్) సంఘం నుంచి:
కతీడ్రల్ పూజలో మేము ప్రభు సంస్కారం (రొట్టె, ద్రాక్షారసం) తీసుకోవచ్చా?

తిరుపతి, నడక ఏర్పాట్లు:
పూజలో కూర్చోవచ్చు, పాడొచ్చు. సంస్కారం మాత్రం కతోలికులకే. ముందే చెప్పుకుంటే అక్కడ ఎవరూ చిన్నబుచ్చుకోరు. ఆదివారం పొద్దున మనం బసలో తెలుగులో ఆరాధన చేసుకుని తర్వాత అందరం కలిసి పూజకు వెళ్దాం. రోజూ బయలుదేరే ముందు బైబిల్లోని యాత్ర కీర్తనలు చదువుకుందాం. 120 నుంచి 134 దాకా పదిహేను ఉన్నాయి, ఆరు రోజులకు చక్కగా సరిపోతాయి.

దారి తప్పుతామని టెన్షన్ పడకండి. ఓ సెబ్రెయిరో చర్చి ఫాదర్ ఎలియాస్ వాలిన్యా 1984లో పసుపు రంగు బాణాలు గీయడం మొదలుపెట్టారు, ఇప్పుడు దారంతా అవే. అయినా గుంపు చివర ఇద్దరు నడవాలి, వాళ్ళ వెనక మనవాళ్ళు ఎవరూ మిగలకూడదు. అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. ఓపికున్న కుర్రాళ్ళు కావాలి, ముందు పరిగెత్తేవాళ్ళు వద్దు.

డబ్లిన్, బస బుకింగ్:
చివర నేను నడుస్తాను అన్నా. మా అమ్మ ఎలాగూ అక్కడే ఉంటుంది. ఇంకొకరు కావాలి. ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి షెంగెన్‌లో స్పెయిన్ ఉంది, ఐర్లండ్ లేదు కాబట్టి ఇండియన్ పాస్‌పోర్టుతో ఇక్కడ ఉన్న మాకు కూడా వీసా కావాలి, మర్చిపోవద్దు.

తిరుపతి, నడక ఏర్పాట్లు:
వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, అంటే మార్చిలోనే మొదలు. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి. తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకో మూడు నెలలు పాస్‌పోర్టు చెల్లాలి. ఈ ఆదివారం లోపు అందరూ పాస్‌పోర్టు గడువు, వాడే మందులు, చివరగా ఒక్కరోజులో ఎంత దూరం నడిచారో రాసి పంపండి. చివర నడిచే రెండో మనిషి ఎవరో కూడా ఆ రోజే తేల్చేద్దాం.