ఎండ తక్కువున్న ఊరికి మారాలని ఉంది, కోరాపుట్‌లో కాపురం ఎలా ఉంటుంది?

బల్లార్షా నివాసి
అందరికీ నమస్కారం. మాది మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా బల్లార్షా. ఉద్యోగ విరమణ దగ్గరపడింది. ఇక్కడి వేసవి గురించి చెప్పనక్కర్లేదు, 47 డిగ్రీలు దాటిన రోజులూ చూశాం. పగలు ఎలాగో తలుపులు బిగించుకుని గడుపుతాం. రాత్రి పదకొండుకు కూడా డాబా మీద కాలు పెట్టలేం. ఇంటావిడకు రక్తపోటు. పిల్లలు పుణె రమ్మంటున్నారు కానీ మా పింఛను అక్కడి అద్దెలకు సరిపోదు. ఒడిశాలోని కోరాపుట్ చల్లగా ఉంటుందని, తెలుగువాళ్లూ ఉన్నారని విన్నాం. ఏడాది పొడవునా అక్కడే ఉంటున్నవారు చెప్పండి. డిసెంబరులో వచ్చి ఫోటోలు దిగి వెళ్లేవారి సలహాలు వద్దు.

సునాబెడ పాతకాపు
బాబూ, కోరాపుట్ జిల్లా అనగానే అంతా చల్లగా ఉంటుందనుకోకండి. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది, మొత్తం లెక్క అదే. కోరాపుట్ పట్టణం ఎనిమిది వందల మీటర్లకు పైన ఉంది. ఘాట్ రోడ్డు దిగి జయపురం వెళ్తే దాదాపు ఆరు వందలకు వస్తారు, తేడా ఒంటికి తెలిసిపోతుంది. పక్క జిల్లా రాయగడ ఇంకా కింద, అక్కడి మే నెల మీ ఊరికి చుట్టమే. కాబట్టి కోరాపుట్, సునాబెడ, సిమిలిగుడ, దమన్‌జోడి, ఈ నాలుగింటిలోనే చూడండి.

మా దగ్గరా మేలో మధ్యాహ్నం ఎండ ఉంటుంది. కానీ పొద్దు వాలాక గాలి మారుతుంది, తెల్లవారుజామున దుప్పటి వెతుక్కుంటాం. మనిషికి నిద్ర పడితే పగటి ఎండ ఎంతైనా ఓర్చుకోవచ్చు.

బరంపురం ఆడపడుచు
అన్నయ్యగారూ, మా వైపు రావాలనుకోలేదు, మంచిదే! బరంపురంలో తెలుగుకు కొదవ లేదు, ఉష్ణోగ్రతా మీ అంత పోదు. కానీ సముద్రం పక్కనే ఉండటంతో చెమట ఆరదు. మీ ఊరి పొడి గాలికి కూలరు బాగా పని చేస్తుంది. మా ఇంట్లో పెడితే గదిలో తేమ పెరగడం తప్ప లాభం లేదు. కాబట్టి వాతావరణ సూచనలో డిగ్రీలొక్కటే చూసి ఊరు ఎంచుకోకండి.

సిమిలిగుడ పంతులమ్మ
చల్లదనం గురించి పెద్దాయన చెప్పింది నిజం. ఆయన చెప్పనిది వాన. జూన్ నడిమి నుంచి సెప్టెంబరు దాకా, ముఖ్యంగా జులై, ఆగస్టుల్లో, వరసగా వారం పాటు ఎండ మొహం కనపడని రోజులుంటాయి. ఉతికిన బట్టలు రెండు రోజులు దండెం మీదే ఉండి ముక్క వాసన పడతాయి. ఉప్పు జాడీలో నీరూరుతుంది, అప్పడాలు మెత్తబడతాయి, ఆవకాయ మీద నూనె ఒక వేలు తగ్గినా బూజు పడుతుంది. పట్టుచీరలను ఎండ కాసిన ప్రతి పూటా బయటికి తీయాల్సిందే.

శీతాకాలంలో ఇడ్లీ పిండి పొంగదు. నేను రుబ్బిన పిండి గిన్నెకు పాత శాలువా చుట్టి, బియ్యం డబ్బాలో పెట్టి మూత వేస్తాను. పొద్దున్నకు బొటాబొటిగా పులుస్తుంది. అయినా వదిలి వెళ్లమంటే వెళ్లను. మార్చిలో మధ్యాహ్నం మూడింటికి బడి వరండాలో పిల్లలను కూర్చోబెట్టి పాఠం చెప్పగలుగుతున్నాను. మైదానంలో పని చేసినప్పుడు అది కుదిరేది కాదు.

బల్లార్షా నివాసి
చాలా కృతజ్ఞతలమ్మా. మా ఆవిడ ఆవకాయ మాట దగ్గర ఆగిపోయింది! ఇల్లు కొనుక్కుంటే ఎలా ఉంటుంది?

జయపురం వకీలు
తొందరపడకండి. కోరాపుట్ జిల్లా మొత్తం రాజ్యాంగం అయిదో షెడ్యూలు కిందికి వచ్చే గిరిజన ప్రాంతం. 1956 నాటి నిబంధనలు, వాటికి 2002లో అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం గిరిజనుల భూమి గిరిజనేతరుల పేరు మీదికి మారదు. ‘కాగితం రాసుకుందాం, తర్వాత చూసుకుందాం’ అనే మధ్యవర్తి మీకు తప్పకుండా తగులుతాడు, దండం పెట్టి పంపేయండి. గిరిజనేతరుల స్థలమే అయినా పాత యజమానుల వరస చూసుకోవాలి. రికార్డులు ఒడియాలో ఉంటాయి. 1936కు ముందు ఈ సీమ మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖ జిల్లాలో ఉండేది, అందుకే మార్కెట్లో తెలుగు నడుస్తుంది. తహసీలు కచేరీలో మాత్రం నడవదు.

సాలూరు ఘాటీ
వైద్యం సంగతి ఎవరూ ఎత్తలేదు. కోరాపుట్‌లో 2017 నుంచి వైద్య కళాశాల ఉంది, మామూలు జబ్బులకు ఇబ్బంది లేదు. గుండెకో మెదడుకో పెద్ద వైద్యం కావాలంటే విశాఖ దారి పట్టేవారే ఎక్కువ. పొట్టంగి, సుంకి మీదుగా సాలూరు దిగాలి. నేను ఆ దారిలో బండి నడుపుతాను. వానాకాలం ఉదయం మంచులో ముందు లారీ వెనక దీపాలు తప్ప ఏమీ కనపడవు. విశాఖ వెళ్లే కిరండూల్ రైలు మార్గం అందమైనదే, కానీ కొండచరియలు పడితే రైళ్లు ఆగుతాయి. రక్తపోటు ఉన్నవారు మందులు నెలకు సరిపడా ఇంట్లో ఉంచుకోవాలి.

దమన్‌జోడి కుర్రాడు
నాకు ఇరవై ఎనిమిది. చల్లగాలి బాగుంది, సాయంత్రం ఏడు తర్వాత చేసేదేమీ లేదు. పెద్దవారికి అదే నచ్చుతుందేమో! కూరగాయలకు మాత్రం వంక పెట్టలేను. అల్లం ఘాటు చూడాలి, సుప్రభ, సురుచి రకాలు పొట్టంగి పరిశోధన కేంద్రం నుంచి వచ్చినవే. ఇక్కడి కాఫీ తాగితే పుణె మాట ఎత్తరు.

సునాబెడ పాతకాపు
పంతులమ్మ చెప్పాక నేనూ ఒప్పుకుంటాను, మొదటి వానాకాలం గట్టిదే. అందుకే కొనడం, అమ్మడం పక్కన పెట్టి జులై, ఆగస్టులు అద్దెకుండి చూడండి. ఇల్లు చూసేటప్పుడు బీరువా జరిపించి వెనక గోడ మీద చెయ్యి పెట్టండి. కొత్త సున్నం వేసిన గది కనిపిస్తే ఎందుకు వేశారో అడగండి. పల్లంలో ఇల్లు వద్దు. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారెవరైనా ఉన్నారా?

బల్లార్షా నివాసి
ఉబ్బసం లేదు, ఆవిడకు మోకాళ్ల నొప్పులున్నాయి.

సిమిలిగుడ పంతులమ్మ
అయితే మెట్లు లేని ఇల్లు, వెస్టర్న్ టాయిలెట్ ఉన్నది చూసుకోండి. చలికి నొప్పులు బిగుస్తాయని మా అత్తగారు అంటారు, జనవరిలో నీళ్లు కాచుకోవడం తప్పదు. మా వీధిలో కింది వాటా ఒకటి ఖాళీ అవుతుందన్నారు. సోమవారం ఇంటివాళ్లను అడిగి అద్దె ఎంతో రాస్తాను.