టాంబోరా లాంటిది మళ్లీ పేలితే మన ఖరీఫ్‌కు దెబ్బ చలి వల్లా, వాన వల్లా?

వంశధార గట్టు:
1815 ఏప్రిల్‌లో ఇండోనేసియాలోని సుంబావా దీవిలో టాంబోరా పేలింది. మరుసటి ఏడాది యూరప్‌లో పంటలు పోయాయి, అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో జూన్‌లో మంచు కురిసింది. అంతటిది ఇప్పుడు పేలితే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వరి సంగతేంటి? బూడిద మనదాకా వస్తుందా? తెలిసినవాళ్లు లెక్కలతో చెప్పండి.

పాలకొండ రైతుబిడ్డ:
కంగారు పడాల్సిన పని లేదు. టాంబోరా తర్వాత భూగోళం సగటు ఉష్ణోగ్రత తగ్గింది అర డిగ్రీ అటూఇటూ. 1991 జూన్ 15న ఫిలిప్పీన్స్‌లో పినటుబో పేలినప్పుడూ అంతే, 1992లో సుమారు అర డిగ్రీ. వరి చిరుపొట్ట దశలో ఉన్నప్పుడు రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల కిందకి దిగి కొన్నాళ్లు అలాగే ఉంటే తాలు గింజలు పడతాయి. మన మైదానంలో సెప్టెంబరు, అక్టోబరు రాత్రులు అంతకంటే వెచ్చగానే ఉంటాయి. అర డిగ్రీ తీసేసినా పైరుకు తెలియదు. టాంబోరా తర్వాత చైనాలోని యున్నాన్‌లో వరి చలికి పోయి కరువొచ్చిన మాట నిజం. అది ఎత్తైన పీఠభూమి. మనది సముద్రతీరం.

రాజాం మాస్టారు:
బాబూ, మీరు థర్మామీటరు చూస్తున్నారు, వానమాపకం చూడటం లేదు. అసలు పని చేసేది బూడిద కాదు, గంధకం. పెద్ద విస్ఫోటనంలో సల్ఫర్ డయాక్సైడ్ అనే గంధక వాయువు, వాన మబ్బులకు పైనున్న స్ట్రాటోస్ఫియర్ అనే గాలి పొరలోకి చేరుతుంది. మన ఉష్ణమండలంలో అది దాదాపు 17 కి.మీ. ఎత్తులో మొదలవుతుంది. అక్కడ కొన్ని వారాల్లో ఆ వాయువు సల్ఫ్యూరిక్ ఆమ్లపు సన్న తుంపరలుగా మారుతుంది. అదే కింది గాలిలో ఉంటే వాన నాలుగు రోజుల్లో కడిగేస్తుంది. పైన వాన లేదు, అందుకే ఒకటి రెండేళ్లు నిలుస్తుంది, ఎండలో కొంత భాగాన్ని వెనక్కి తిప్పేస్తుంది. పినటుబో పంపింది 1.5 నుంచి 2 కోట్ల టన్నులు. టాంబోరా దానికి మూడింతలు.

ఇప్పుడు రుతుపవనం దగ్గరికి రండి. నేల త్వరగా చల్లబడుతుంది, సముద్రం నెమ్మదిగా చల్లబడుతుంది. నైరుతిని లాగేదే ఆ రెండింటి వేడి తేడా. తేడా తగ్గితే లాగుడు తగ్గుతుంది, ఎండ తగ్గితే సముద్రం మీద ఆవిరి కూడా తగ్గుతుంది. పినటుబో తర్వాతి ఏడాది ప్రపంచం మొత్తం మీద నేలపై కురిసిన వాన, నదుల్లో పారిన నీరు స్పష్టంగా తగ్గాయి. 1783లో ఐస్‌లాండ్‌లో లాకి పగుళ్లు ఎనిమిది నెలలు మండి 12 కోట్ల టన్నుల దాకా వాయువు వదిలితే ఈజిప్టులో నైలు వరద పడిపోయింది. ఐస్‌లాండ్ ఎక్కడ, నైలు ఎక్కడ! చలి అంత దూరం రాలేదు, వాన లోటు వచ్చింది.

సాలూరు కుర్రోడు:
బూడిద గురించి ఎవరూ చెప్పలేదు.

బొబ్బిలి కోట:
బూడిద మన దగ్గరికి ఒకసారి వచ్చింది. సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలోని టోబా పేలినప్పుడు. ఆ పొర వంశధార పరీవాహకంలో దొరికింది, కర్నూలు వైపు జ్వాలాపురంలో ఇంకా బాగా కనిపిస్తుంది. జ్వాలాపురంలో పొర కిందా, పైనా దొరికిన రాతి పనిముట్లు ఒకే తీరుగా ఉన్నాయని తవ్వినవాళ్లు చెప్పారు, అంటే అక్కడి మనుషులు పూర్తిగా తుడిచిపెట్టుకుపోలేదని వాళ్ల వాదన. టాంబోరా అంత పెద్దది కాదు. దాని బూడిద మందంగా పడింది చుట్టుపక్కల దీవుల్లోనే. అండమాన్‌లో బారెన్ దీవి అగ్నిపర్వతం మనకు 1,200 కి.మీ. పైనే ఉంది, పైగా చిన్నది.

బూడిద పడినచోట మాత్రం బాధ వేరు. అది పొయ్యి బూడిద కాదు, పొడైన రాయి, గాజు ముక్కలు. 10 సెం.మీ. మందాన పడి తడిస్తే చదరపు మీటరుకు 100 కిలోలు దాటుతుంది. పినటుబో పేలిన రోజే తుపాను వచ్చి బూడిద తడిసింది, చచ్చినవాళ్లలో చాలామంది కప్పులు కూలి చచ్చారు. అందుకే కప్పు మీద మందం పెరగకముందే దించెయ్యాలి. దుమ్ము లేవకుండా కాస్త చిలకరించి పారతో ఎత్తాలి. నీళ్లు కుమ్మరించి కాలవలోకి తోస్తే పూడిపోయి గట్టిపడుతుంది. తాగునీటి తొట్లు మూసి ఉంచాలి. పశువుల్ని మేతకు వదలకూడదు, ఎందుకంటే బూడిదకు ఫ్లోరిన్ అంటుకుని గడ్డి మీద పడుతుంది. లాకి తర్వాత ఐస్‌లాండ్‌లో సగానికి పైగా పశువులు అలా పోయాయి, వాటి వెనక కరువులో జనంలో అయిదో వంతు పోయారు.

ఉద్దానం కొబ్బరి:
చల్లబడితే మొక్కజొన్నకు మంచిదే కదా? వేడికి కంకి దెబ్బతినడం తగ్గుతుంది.

బొబ్బిలి కోట:
ఆ లాభం దాదాపు అక్కడే పోతుంది. ఎండ తగ్గితే పైరు చేసుకునే పిండిపదార్థం తగ్గుతుంది. మెక్సికోలోని ఎల్ చిచోన్ అగ్నిపర్వతం, పినటుబో పేలిన తర్వాత దిగుబడులు చూసినవాళ్లు తేల్చింది ఇదే. మొక్కజొన్నకే దెబ్బ ఎక్కువ.

పాలకొండ రైతుబిడ్డ:
మాస్టారూ, ఎల్ చిచోన్ పేలింది 1982లో, ఆ ఏడాదే పెద్ద ఎల్‌నినో, అంటే పసిఫిక్ సముద్రం వేడెక్కి మన వానను తగ్గించేది. పినటుబో 1991లో, అప్పుడూ ఎల్‌నినో. వాన తగ్గింది దేనివల్లో ఎలా విడదీశారు? అర డిగ్రీకి ఇంత కథ కట్టడం న్యాయం కాదు.

రాజాం మాస్టారు:
మళ్లీ అర డిగ్రీ! ఒక్క విస్ఫోటనం చూస్తే విడదీయడం కష్టమే. అందుకే వందల ఏళ్ల చెట్ల వలయాలు తీసి, చాలా విస్ఫోటనాల తర్వాతి ఏడాదులు కలిపి చూస్తారు. అందులోనూ ఆసియా అంతా ఒకేలా లేదు, ఆగ్నేయాసియాలో కొన్నిచోట్ల వాన పెరిగినట్టు కూడా తేలింది. పేలిన చోటు కూడా ముఖ్యం. ఉత్తరాన పేలితే వానపట్టీ దక్షిణానికి జరుగుతుంది. భూమధ్యరేఖ దగ్గర పేలితే రెండు అర్ధగోళాలకూ పొర పరుచుకుంటుంది. అనుమానం ఉందని ముప్పు లేదనడం తప్పు.

పాలకొండ రైతుబిడ్డ:
ముప్పు లేదని నేననలేదు! మామూలు వానలు పడిన ఏడాదే మా కాలువ శివారు భూములకు నీరు రాదు. నీరు వదిలే మదుములకు (తూములకు) తలుపుల్లేవు, పూడిక తియ్యరు, ఎగువవాళ్లు కట్టేసుకుంటారు. అడిగితే "వాన లేదు" అంటారు. రేపు ఎక్కడో కొండ పేలిందని తెలిస్తే వాళ్లకు జవాబు రెడీ. పాపం ఆకాశం మీదకి నెట్టేస్తారు. మీ వాదన చివరికి ఉపయోగపడేది వాళ్లకే.

రాజాం మాస్టారు:
నేనెవరికీ సాకు అందించడం లేదు. వాన తగ్గుతుందని చెప్పడం నేరమా? చెప్పకపోతే మీ శివారుకు నీళ్లొస్తాయా? గాలిలో గంధకం ఎంతుందో లెక్క కట్టేవాణ్ణి పట్టుకుని కాలువ పూడికకు జవాబు చెప్పమంటే ఎలా?

ఉద్దానం కొబ్బరి:
ఇద్దరూ కాస్త తగ్గండి.

వంశధార గట్టు:
రైతుబిడ్డ గారూ, వాన తగ్గుతుందని మీరూ ఒప్పుకుంటున్నట్టే ఉంది. మీ అభ్యంతరం, కరువు పేరు అగ్నిపర్వతానికి పెట్టకూడదనే కదా?

పాలకొండ రైతుబిడ్డ:
అదే. టాంబోరా పేలినప్పుడు, ఆ వెంటనే పోయినవాళ్లు దాదాపు పదివేలు. తర్వాత ఆకలితో, రోగాలతో పోయినవాళ్లు దానికి ఎన్నో రెట్లు. గింజ అందక పోయారు వాళ్లు. 1783–84లో ఉత్తరాదిని కాల్చిన చాలీసా కరువు కూడా అంతే, వానలు తప్పడం ఒకటైతే, గింజ కదలకపోవడం ఇంకొకటి. మొదటిది మన చేతిలో లేదు. రెండోది ఎప్పుడూ మన చేతిలోదే.

రాజాం మాస్టారు:
ఇక్కడ నాకు పేచీ లేదు. కానీ మొదటిదాని గురించి ముందే తెలిస్తేనే రెండోదానికి వ్యవధి దొరుకుతుంది. పేలిన వారం రోజుల్లో ఉపగ్రహాలు గంధకం ఎంతో చెప్పేస్తాయి. 2022 జనవరి 15న టోంగా దగ్గర హుంగా పేలితే పొగ 57 కి.మీ. ఎక్కింది, అందరూ హడలిపోయారు. తీరా చూస్తే గంధక వాయువు సుమారు అయిదు లక్షల టన్నులే, నీటి ఆవిరి మాత్రం దాదాపు 15 కోట్ల టన్నులు. చలీ రాలేదు. కాబట్టి చూడాల్సింది శబ్దం, పొగ ఎత్తు కాదు, గంధకం బరువు. కోటి టన్నులు దాటిందంటే వచ్చే ఖరీఫ్ గురించి ఆలోచించాలి. టాంబోరా ఏప్రిల్‌లో పేలితే అసలు దెబ్బ మరుసటి వేసవికి తగిలింది. ఏడాది చేతిలో ఉంటుంది.

సాలూరు కుర్రోడు:
ఆ ఏడాదిలో చెయ్యాల్సిందేంటి?

రాజాం మాస్టారు:
వేసవిలో చెరువుల పూడిక, మదుముల తలుపులు. 150 రోజుల రకాలు పక్కనపెట్టి 120 రోజుల ఎంటీయూ 1010 లాంటి విత్తనం. మెట్టకు చోడి (రాగి), సామ, ఉలవ విత్తనం ముందే సేకరించుకోవాలి, కరువు ఏడాది దొరకదు. ఎండుగడ్డి అమ్ముకోకుండా వామి వేసుకోవాలి.

పాలకొండ రైతుబిడ్డ:
మీరు పూడిక, తలుపులు మొదట రాశారు, సంతోషం. ఒకటి కలపండి. ఉభాలకు, అంటే నాట్లకు, దమ్ము పట్టడానికే 150 నుంచి 250 మి.మీ. నీరు తాగేస్తుంది. వాన తక్కువని తెలిసిన ఏడాది శివారులో ఎదలే వెయ్యాలి, అంటే విత్తనం నేరుగా పొలంలోనే చల్లాలి, నారు పోసి నీటి కోసం కూర్చుంటే నారు ముదిరిపోతుంది. కాకపోతే ఎదల్లో నిలవనీరు ఉండదు గనక కలుపు పైరుతోపాటే లేస్తుంది. మొదటి నెలా నెలన్నర వదిలేస్తే దిగుబడి పోతుంది. కూలీలకు డబ్బు ముందే చూసుకోవాలి.

వంశధార గట్టు:
చిత్తడి పొలాల్లో కూడా ఎదలేనా?

పాలకొండ రైతుబిడ్డ:
చెరువు కింద ఊట భూములకు ఉభాలే ఉంచండి. శివారుకు, మెరకకు ఎదలు.