గురి ‘వెంట’ కుదరదా, ‘రెంట’ కుదరదా?

గోదారి గట్టు: మా నాన్నగారు సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చారు. ఇంటికొచ్చాక ఎయిర్ రైఫిల్‌కి ఒక స్కోపు (గురి చూసే దుర్భిణి) బిగించుకుని, చెరువు గట్టున పాలడబ్బా మూతలు నిలబెట్టి కొట్టేవారు. ఆ స్కోపు గొట్టానికి మూడు వేళ్ల ఎత్తున ఉండేది. పది అంగల దూరం నుంచి నేను ఎప్పుడు పేల్చినా చుక్కకి రెండు వేళ్లు కిందే తగిలేది. ఆయన నవ్వి, “కన్ను మీద, గొట్టం కింద, గురి వెంట కుదరదు” అనేవారు. ‘వెంట’ కాదు ‘రెంట’ అంటాడు తమ్ముడు. అడుగుదామంటే ఆయన లేరు. ఈ మాట ఇంకెవరైనా విన్నారా?

ఛందోప్రియ: ‘వెంట’ అంటే వెంటనే. మూడు నాలుగు పేల్చి, మర తిప్పి, మళ్లీ పేలిస్తే గానీ కుదరదని. ఇందులో చర్చకేముంది?

డాలస్ బావ: ఉందండీ మాస్టారూ. ఇక్కడ నా రైఫిల్‌కి స్కోపు మధ్యగీత గొట్టం మధ్యగీతకి 2.6 అంగుళాల పైన ఉంటుంది. చూపు తిన్నగా పోతుంది. గుండు కింద నుంచి కాస్త పైకి లేచి, చూపుని ఒకసారి దాటి, మళ్లీ దిగుతూ రెండోసారి దాటుతుంది. 50 గజాల దగ్గర జీరో చేస్తే, అంటే అక్కడ గుండు చుక్కకే తగిలేలా స్కోపు సర్దితే, రెండో కలయిక సుమారు 200 గజాల దగ్గర. అదే తుపాకీతో 10 గజాల్లో కొడితే రెండంగుళాలు కిందే. అంటే కుదిరేది సరిగ్గా రెంట, రెండు చోట్ల! ‘రెంట కుదురు’ అని ఉండాలి. ‘దు’ ఎక్కడో అతుక్కుంది.

ఛందోప్రియ: హవల్దారు గారు ‘రెంట’ అంటారా? అది కావ్యభాష. మనిషి నోట ‘రెంట్లో’ అనే వస్తుంది.

ఓరుగల్లు: ‘రెంటికీ చెడ్డ రేవడి’ అనే వాళ్లంతా కావ్యాలు చదివారా సార్?

బండి ఱ: అసలు ఇక్కడ రాసిన వాళ్లందరూ ‘గురి’ అని రాశారు. అది గుఱి. తమిళంలో కుఱి, హళగన్నడంలో (పాత కన్నడంలో) గుఱి, మన గుఱుతు కూడా ఆ ఇంటిదే. ముందు అది దిద్దండి.

గోదారి గట్టు: దిద్దుతానండీ. వెంటా, రెంటా?

ఓరుగల్లు: నా అనుమానం వేరు. ‘గురి కుదరడం’ అంటే నమ్మకం కుదరడం కూడా కదా. డాక్టరు మీద గురి కుదిరితే సగం రోగం పోయినట్టే అంటాం. కంటినీ గొట్టాన్నీ రెంటినీ నమ్మలేవు, ఒకదాన్ని పట్టుకో అని ఆయన శ్లేష వేశారేమో.

డాలస్ బావ: శ్లేష బాగుంది గానీ తుపాకీ ఒప్పుకోదు. రెంటినీ నమ్మాలి. 25 గజాల దగ్గర జీరో చేసేవాడు తప్పు దిద్దుకోవాలంటే, అంతే జరుపుకి 100 గజాల వాడికంటే స్కోపు మరని నాలుగింతలు క్లిక్కులు (మెట్లు) తిప్పాలి. ఇది మరిచిపోయి నేను ఒక పూటంతా, ఒక డబ్బా తూటాలూ పోగొట్టుకున్నాను.

ఛందోప్రియ: చూపొక చోట, బాణమొక చోట అంటే మత్స్యయంత్రమే. తిక్కన గారు ఆ ఘట్టాన్ని...

బండి ఱ: ఆదిపర్వం నన్నయ గారిదండీ.

ఛందోప్రియ: వేలు జారింది. నన్నయ గారే. నీళ్లలో నీడ చూసి పైకి కొట్టడం కంటే పెద్ద ‘ఎత్తు స్కోపు’ ఉందా?

బండి ఱ: సంస్కృత మూలంలో నీళ్లూ లేవు, నీడా లేదు. యంత్రానికున్న రంధ్రంలోంచి అయిదు బాణాలు పోవాలి, అంతే. చూపూ బాణమూ ఒకే దారి. మీ పోలిక అక్కడ పడదు.

ఛందోప్రియ: జనం నోట ఉన్నది నీడే. జనం నోటికి విలువ లేకపోతే హవల్దారు గారి మాటకి ఇంతమందిమి ఎందుకు కూర్చున్నాం?

డాలస్ బావ: అది సరే, ఒక ప్రశ్న. నాన్నగారి తుపాకీకి చెంప ఆనే చోట ఏమైనా కట్టి ఉండేదా? స్కోపు ఎత్తయితే తల గాల్లో తేలుతుంది, ప్రతిసారీ కన్ను ఒకచోట ఉండదు. బ్రిటిషు వాళ్ల నంబర్ 4 (టీ) లీ ఎన్‌ఫీల్డ్ స్నైపర్ రైఫిల్‌కి మడమ మీద కొయ్య దిమ్మ బిగించింది ఇందుకే.

గోదారి గట్టు: ఉండేది! పాత తువ్వాలు నాలుగు మడతలు పెట్టి, సైకిల్ ట్యూబు ముక్కతో బిగించేవారు. చెమటకి అది ఎప్పుడూ తడిగా, పుల్లటి వాసన వేసేది. ఇప్పుడే అమ్మకి ఫోన్ చేశాను. ఆమె అంటోంది, వెంటా కాదు రెంటా కాదట. “గురి *కంట* కుదరదు, చెంప ఆన్చరా” అని పూర్తి మాటట.

ఓరుగల్లు: అయ్యో, నా శ్లేష!

ఛందోప్రియ: కన్ను, కంట... ఒకే మాట రెండుసార్లా? పునరుక్తి. అమ్మగారు పొరబడి ఉంటారు.

గోదారి గట్టు: ఆ మాట మీరే ఆమెతో చెప్పండి సార్, నంబరు ఇస్తాను.

బండి ఱ: పై వ్యాఖ్యలో ఇంకా ‘గురి’ అనే ఉంది.