అప్‌డేట్: ముందు నవలే చదివాను
జర్మన్ రచయిత రెమార్క్ రాసిన మొదటి ప్రపంచ యుద్ధ నవల ‘ఆల్ క్వైట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్’ ముందు చదవాలా, 2022లో వచ్చిన జర్మన్ సినిమా ముందు చూడాలా అని పోయిన నెల అడిగాను. మీరు నవలే అన్నారు. హనుమకొండలో పాత ప్రతి దొరికింది, కాజీపేట నుంచి సికింద్రాబాద్ వెళ్లే రైల్లో సగం చదివేశాను.

కథానాయకుడైన జర్మన్ సైనికుడు పాల్ సెలవుపై ఇంటికి వచ్చిన భాగం దగ్గర ఆగిపోయాను. చివరి రాత్రి, జబ్బుపడిన తల్లి చీకట్లో అతని మంచం పక్కనే చాలాసేపు కూర్చుంటుంది. సినిమాలో ఆ సెలవే లేదు! బదులుగా సంధి చర్చలు చేర్చారు. నవలలో పాల్ 1918 అక్టోబరులో, విశేషమేమీ లేని రోజున చనిపోతాడు. సినిమాలో మాత్రం నవంబరు 11న, కాల్పుల విరమణ క్షణాల దూరంలో ఉండగా. ఈ మార్పును నేను ఒప్పుకోలేను.

అయితే చనిపోయిన సైనికుడి దుస్తులు ఉతికి, కుట్టి, పాల్‌కు ఇచ్చే దృశ్యం నవలలో లేకపోయినా రెమార్క్ రాసినట్టే ఉంది. నిన్న అమ్మకు ఆ సెలవు భాగం తెలుగులో చెప్పి వినిపించాను.