సెంటర్ ఫైర్ తన్నుడు: చేతిబలంతో ఆపాలా, ఎగరనివ్వాలా?

గచ్చిబౌలి_షూటర్:
సెంట్రల్ యూనివర్సిటీ రేంజ్‌లో పాయింట్ టూటూ (.22) పిస్టల్‌తో స్కోరు బాగానే వస్తోంది. తన్నుడు (పేలగానే పిస్టల్ వెనక్కి కొట్టే దెబ్బ) ఎక్కువుండే పాయింట్ త్రీటూ (.32) సెంటర్ ఫైర్ (తూటా అడుగున మధ్యలో పిన్ను కొట్టే రకం) పిస్టల్ పట్టుకున్నానో లేదో గుండ్లన్నీ కిందికి, ఎడమకి పడుతున్నాయి. కుడిచేతి వాటం నాది. నిదానంగా కొట్టే ప్రెసిషన్ స్టేజ్‌లో పర్వాలేదు, టార్గెట్ 3 సెకన్లే కనబడే స్టేజ్‌లో మాత్రం ఘోరం. ఒకరు ముంజేతికి డంబెల్స్ కొట్టమంటారు, ఒకరు వదులుగా పట్టి ఎగరనివ్వమంటారు. ఎవరి మాట వినాలి?

రిటైర్డ్_సీఐ:
తమ్ముడూ, బలం లేనిదే ఏదీ లేదు. సర్వీసులో 9 ఎంఎం మీద ఎంతోమంది కుర్రాళ్ళకి నేర్పాను. మణికట్టు వదిలేస్తే స్లైడ్ (పిస్టల్ పైన వెనక్కి జారే భాగం) పూర్తిగా వెనక్కి రాదు, పేలిన తూటా ఖాళీ కేసు ఇరుక్కుంటుంది. చెయ్యి ఎంత పైకి వీలైతే అంత పైన పట్టు, బారెల్‌కి దగ్గరగా. గ్రిప్ మీద మిగిలిన ఖాళీని రెండో అరచేత్తో నింపు. ఒళ్ళు కాస్త ముందుకి వాల్చు. ఎగరనిస్తే రెండో షాటు ఎప్పుడు కొడతావు?

కోచింగ్_బోయిన్‌పల్లి:
సార్, అది రెండు చేతులతో కొట్టేవాళ్ళకి. ఈయన ఈవెంట్‌లో ఒంటిచెయ్యే, మణికట్టుకి ఏ ఆసరా ఉండకూడదు. పైగా షాటుకీ షాటుకీ మధ్య 7 సెకన్లు టార్గెట్ తిరిగిపోయే ఉంటుంది.

అసలు తన్నుడు వల్లయితే గుండు పైకి పోవాలి కదా? కింద పడుతోందంటే పేలకముందే చెయ్యి భయపడి పిస్టల్ మూతిని కిందికి నొక్కేస్తోంది. గుండు బారెల్ దాటడానికి పట్టేది ఒకటి రెండు మిల్లీసెకన్లు. మూతి పెద్దగా లేచేది ఆ తర్వాతే. నీకు తెలియకుండా మ్యాగజైన్ మధ్యలో ఎక్కడో ఒక డమ్మీ రౌండు పక్కవాడితో పెట్టించు. దాని వంతు వచ్చినప్పుడు ‘టిక్’ మంటుంది, పేలదు. ఆ క్షణంలో ఫ్రంట్ సైట్ (బారెల్ చివర గురి చూసే ముక్క) ఎటు వంగిందో చూడు. డంబెల్స్ ఎన్ని ఎత్తినా ఆ వంగడం పోదు.

2006 దోహా ఏషియన్ గేమ్స్‌లో మన షూటర్ జస్పాల్ రాణా ఒళ్ళు కాలే జ్వరంతో సెంటర్ ఫైర్‌లో 590 కొట్టి ప్రపంచ రికార్డును సమం చేశాడు. ఆరోజు ఆయనలో కండబలం ఎంత మిగిలి ఉంటుంది?

రిటైర్డ్_సీఐ:
1994లో హిరోషిమాలో ఇదే ఈవెంట్‌లో బంగారం గెలిచిన మణికట్టు అది. జ్వరం వచ్చినంత మాత్రాన అన్నేళ్ళ సాధన ఎక్కడికి పోతుంది? కొత్తవాడికి ఆ మణికట్టు ఎక్కడిది? డమ్మీ పరీక్ష మంచిదే, కాదనను. కానీ మూడు వేళ్ళ పట్టు సడలితే పిస్టల్ ప్రతి షాటుకీ అరచేతిలో జరుగుతుంది. అప్పుడు భయం పోయినా గ్రూప్ రాదు, గుండ్లన్నీ ఒకేచోట పడవు.

కూకట్‌పల్లి_ఫిజిక్స్:
లెక్క చూద్దాం. టూటూ గుండు 2.6 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 320 మీటర్లు. త్రీటూ వాడ్‌కటర్ (ముందు చదునుగా ఉండే గుండు) 6.4 గ్రాములు, సుమారు 230. తన్నుడు అంచనాకి బరువుని వేగంతో గుణిస్తే రెండోది 1.8 రెట్లు. పిస్టల్ బరువు పరిమితి రెండింటికీ 1,400 గ్రాములే. తేడా ఉంది గానీ మనిషి ఆపలేనంత కాదు. కాబట్టి నా ఓటు కోచ్‌గారికే. బరువు పరిమితికి దగ్గరగా ఉన్న పిస్టల్ ఎంచుకుంటే ఇంకొంత తగ్గుతుంది.

మల్కాజిగిరి_అన్న:
అమెరికాల మా బావ దగ్గర 44 మాగ్నమ్ రివాల్వర్ ఉంది, రేంజ్‌కి తీస్కపోత అంటున్నడు. గీ ముచ్చట్లు దానికి గూడ పనిజేస్తయా?

కోచింగ్_బోయిన్‌పల్లి:
అన్నా, దాని గుండు 15 గ్రాములు దాటుతుంది, వేగమూ టూటూ కంటే ఎక్కువే. పై లెక్క ప్రకారం టూటూకి ఏడు రెట్ల పైమాటే. అదే రివాల్వర్‌లో తన్నుడు తక్కువున్న 44 స్పెషల్ రౌండ్లు పడతాయి, వాటితో మొదలుపెట్టు. మాగ్నమ్‌కి వచ్చాక మొదటిసారి సిలిండర్‌లో ఒక్కటే రౌండు పెట్టమని చెప్పు. తన్నుడుకి బిత్తరపోయి వేలు మళ్ళీ ట్రిగ్గర్ మీద పడితే రెండోది ఎటు పోతుందో ఎవరికీ తెలీదు.

రిటైర్డ్_సీఐ:
ఈ ఒక్కటి మాత్రం అక్షరాలా నిజం. రెండు చేతులతోనే పట్టుకో, మొహానికి దూరంగా.

గచ్చిబౌలి_షూటర్:
డమ్మీ పెట్టించి కొట్టాను. ‘టిక్’ అనగానే ఫ్రంట్ సైట్ గబుక్కున కిందికి, ఎడమకి వంగింది, రేంజ్‌లో పక్కనున్నవాళ్ళూ చూశారు. ముందు ఇంట్లో తూటాలు లేకుండా గోడవైపు డ్రై ప్రాక్టీస్ మొదలుపెడుతున్నా. సీఐ సార్, మీరన్న మూడు వేళ్ళ పట్టు ఒంటిచేత్తో ఎంత బిగించాలి? గట్టిగా నొక్కితే నాకు సైట్ వణుకుతోంది.

రిటైర్డ్_సీఐ:
వణుకు మొదలయ్యేదాకా బిగించు, ఆగేదాకా కొద్దికొద్దిగా సడలించు. అక్కడే ఉంచు. చూపుడు వేలు మాత్రం ఆ బిగింపులో కలవకూడదు.